రిటైరయ్యాక హామ్ రేడియో: సెట్టు సంచిలో పెట్టుకుని బయటికి వెళ్ళాలనుకుంటున్న పర్లాకిమిడి మాస్టారికి

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 64 ఏళ్ళు, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పిల్లలు దూరంగా ఉన్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, చెవులు కాస్త మందగించాయి. ఈ వయసులో హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టుతో సరదాగా దూరాలవాళ్ళతో మాట్లాడే హాబీ, మొదలుపెట్టవచ్చా, డాబా మీద పెద్ద యాంటెన్నా లేకుండా సెట్టు బయటికి తీసుకెళ్ళి మాట్లాడటం కుదురుతుందా, అందుకు మహేంద్రగిరి లాంటి కొండ ఎక్కాల్సిందేనా అని అడిగారు. ఇంట్లో ఆవిడ భయపడుతున్నారని కూడా రాశారు. నేను బరంపురంలో ఉంటాను. నాకూ డెబ్బై దాటాయి. ఈ హాబీలో చాలా కాలంగా ఉన్నాను, ఇప్పుడు ఎక్కువగా బయటి నుంచే పనిచేస్తున్నాను. కాబట్టి వివరంగానే రాస్తాను.

మొదలుపెట్టండి. అదీ ఇంటి స్టేషన్‌తో కాదు, సంచిలో పట్టే స్టేషన్‌తోనే. పెద్దవయసు వాళ్ళకు పోర్టబుల్ అనేది రాజీ పడి తీసుకునే దారి అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మన వైపు ఊళ్ళలో ఉండేవాళ్ళకు అదే మెరుగైన దారి. ఎందుకో చెబుతాను.

హామ్ రేడియోలో అసలు ఇబ్బంది మన గొంతు అవతలివాళ్ళకు చేరకపోవడం కాదు, వాళ్ళ గొంతు మనకు వినపడకపోవడం. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఫోన్ ఛార్జర్లు, టీవీ సెట్‌టాప్ బాక్సు, పక్కింటి డాబా మీద సోలార్. వీటిలో చాలావాటికి లోపల స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది. అందులోంచి వచ్చే గరగర షార్ట్‌వేవ్ బ్యాండ్లంతా పరుచుకుంటుంది. పట్నంలో ఇంటి నుంచి 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) వింటే, సిగ్నల్ బలం చూపించే ఎస్ మీటరు ముల్లు ఏ సిగ్నలూ లేకుండానే 7, 8 మీద నిలబడి ఉంటుంది. అదే సెట్టు ఊరి బయట జీడితోటలోకి తీసుకెళ్ళి వినండి, ముల్లు 1, 2 దగ్గరికి దిగిపోతుంది. మీరు ఫిజిక్స్ మాస్టారు కనుక లెక్కలో చెబుతాను. ఒక్కో ఎస్ యూనిట్ 6 డెసిబెల్స్. నాయిస్ 8 నుంచి 2కి దిగితే 36 డెసిబెల్స్ లాభం. మరోవైపు 100 వాట్ల సెట్టు మానేసి 5 వాట్ల సెట్టు వాడితే పోయేది 13 డెసిబెల్స్, అంటే రెండు ఎస్ యూనిట్ల కంటే కొంచెం ఎక్కువ. వినడంలో వచ్చే లాభం పంపడంలో పోయేదానికంటే ఎంత పెద్దదో చూడండి. బయట వినడానికి అలవాటుపడిన చెవికి ఇంట్లో కూర్చుని ఆ గరగర భరించడం కష్టం.

అందుకే కొండ అక్కరలేదంటాను. 145 మెగాహెర్ట్జ్ లాంటి వీహెచ్ఎఫ్‌లో ఎత్తు చాలా ముఖ్యం, అక్కడ తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే వెళుతుంది. కానీ 7 మెగాహెర్ట్జ్‌లో తరంగం పైకి వెళ్ళి, వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న అయనోస్ఫియర్‌లో ఎఫ్ పొర నుంచి తిరిగి కిందికి వస్తుంది. దానికి మీరు 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద ఉన్నా, మహేంద్రతనయ నది గట్టున ఉన్నా పెద్ద తేడా లేదు. మీకు కావలసింది ఎత్తు కాదు, కరెంటు లేని చోటు. దేవమాలి కొండ ఎక్కి అక్కడి నుంచి సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలవాలని కోరిక ఉంటే వెళ్ళండి, తప్పేమీ లేదు. కొండల మీద నుంచి పనిచేసేవాళ్ళ కోసం 2002లో మొదలైన సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ అనే కార్యక్రమం ఉంది. నాలుగు కాంటాక్టులు చేస్తే ఆ కొండకు ఉన్న పాయింట్లు ఇస్తారు. పార్కుల నుంచి చేసేవాళ్ళకు పార్క్స్ ఆన్ ది ఎయిర్ ఉంది, దానికి ఒకే రోజులో పది కాంటాక్టులు కావాలి. అయితే మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి పాయింట్ల కోసం కొండలెక్కడం నాకు ఇష్టం లేదు. ఆటో దిగి యాభై అడుగులు నడిస్తే చేరుకోగలిగే చోటు వెతుక్కోండి. నీడ ఉండాలి, హైటెన్షన్ లైను దూరంగా ఉండాలి, తోట యజమాని తెలిసినవాడై ఉండాలి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ఇలాంటి చోట్లకు కొదవ లేదు. ఈ విషయంలో హైదరాబాదు హామ్‌ల కంటే మనం అదృష్టవంతులం.

యాంటెన్నా గురించి. మొదటి ఏడాది వేరేదేమీ కొనకండి, డైపోల్ ఒక్కటి చాలు, అంటే మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా తీగ చాచిన యాంటెన్నా. 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, అంటే మధ్య నుంచి ఇటు పది, అటు పది. సన్నని ఇన్సులేటెడ్ రాగి తీగ చాలు. తీగ పైన ఉన్న ప్లాస్టిక్ వల్ల లెక్క కొంచెం మారుతుంది కాబట్టి ముందు కాస్త పొడవుగానే కట్ చేసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకు ఎంత సరిపోయిందో చెప్పే కొలత) చూసుకుంటూ కొసలు మడుస్తూ రండి. మధ్య భాగాన్ని ఆరేడు మీటర్ల ఎత్తులో కట్టి, రెండు కొసలను కిందికి దించి నైలాన్ తాడుతో చెట్టుకో మేకుకో కట్టేస్తే దాన్ని ఇన్వర్టెడ్ వీ అంటారు. చెట్టు కొమ్మ మీదికి బరువు విసిరి తాడు ఎక్కించడం కుర్రాళ్ళ పని, మన భుజాలు దానికి ఒప్పుకోవు. ముడుచుకునే ఫైబర్ గడ దొరుకుతుంది, లేదంటే మంచి వెదురు గడ ఒకటి తోటలోనే ఉంచుకోండి. దాన్ని చెట్టు మొదలుకు మూడు చోట్ల కడితే గాలికి కదలదు.

ఇంత తక్కువ ఎత్తులో పనిచేస్తుందా అని అనుమానం రావచ్చు. 40 మీటర్ల బ్యాండ్‌కు తక్కువ ఎత్తు ఒక రకంగా మేలే. తరంగం ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి, చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల లోపల దిగుతుంది. మీకు విశాఖపట్నం సుమారు 150, భువనేశ్వర్ 250, విజయవాడ 450 కిలోమీటర్లు. హైదరాబాదు, కోల్‌కతా రెండూ 600 దరిదాపుల్లో ఉన్నాయి. అంటే ఉదయం పూట తెలుగు, ఒడియా, బెంగాలీ మాట్లాడే హామ్‌లందరూ మీకు అందుబాటులో ఉన్నట్టే. మన దేశంలో ఈ బ్యాండు 7.000 నుంచి 7.200 దాకా ఉంది. పొద్దున్న ఏడు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది. నడిమధ్యాహ్నం కింద ఉన్న డి పొర సిగ్నల్‌ను పీల్చేస్తుంది, ఆ వేళ భోజనం చేసి కునుకు తీయడమే మంచిది. దూర దేశాలు కావాలంటే 14 మెగాహెర్ట్జ్‌లోకి వెళ్ళాలి, దానికి పది మీటర్ల తీగే సరిపోతుంది. సూర్యుడిలో మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంటాయి. ఈసారి గరిష్ఠ దశకు చేరినట్టు 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. ఇక్కడి నుంచి మెల్లగా తగ్గుతుంది కాబట్టి దూరం మాట్లాడాలన్న కోరిక ఉంటే లైసెన్స్ పరీక్ష పని వాయిదా వెయ్యకండి.

సెట్టు విషయంలో చాలామంది మిమ్మల్ని గందరగోళంలో పడేస్తారు. ఐకామ్ ఐసీ-705 బ్యాటరీతో కలిపి కిలో పైచిలుకు, సొంత బ్యాటరీ మీద 5 వాట్లు, బయటి బ్యాటరీ మీద 10 వాట్లు ఇస్తుంది. స్క్రీన్ పెద్దది, మన కళ్ళకు అనుకూలం. ఖరీదు మాత్రం ఎక్కువ. యాయెసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-818 తయారీ ఆగిపోయింది కానీ సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతుంటాయి. మీకు మాత్రం నేను వేరే మాట చెబుతాను. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్, మైక్రోబిట్‌ఎక్స్ సెట్లున్నాయి. వాటి సర్క్యూట్ ఎవరైనా చూసుకోవచ్చు, ప్రపంచమంతా వాటిని తయారుచేసుకుని వాడుతున్నారు. ఇన్నేళ్ళు పిల్లలకు ఆసిలేటరూ ఫిల్టరూ బోర్డు మీద గీసి చూపించిన మనిషి, ఆ రెండూ తన చేతిలోని సెట్టులో పనిచేయడం చూస్తే కలిగే ఆనందం వేరు. బ్యాటరీ మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తీసుకోండి. 12.8 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు ఉన్నది కిలో లోపే ఉంటుంది. పాత యూపీఎస్ సీసం బ్యాటరీ దానికి రెండింతలకు పైగా బరువు. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు రెండు మూడు ఆంపియర్లు లాగినా, మనం మాట్లాడేదానికంటే వినేదే ఎక్కువ కాబట్టి ఒక పూటకు సరిపోతుంది. సెట్టు, బ్యాటరీ, తీగ, కేబుల్, నోటుపుస్తకం అన్నీ కలిపి నాలుగు కిలోలు దాటనివ్వకండి. కుర్చీ విషయంలో మాత్రం బరువు చూడొద్దు. చేతులు ఆనించుకోవడానికి వీలున్న మడత కుర్చీ కావాలి. కింద కూర్చుంటే లేవడం కష్టం, పైగా తోటల్లో పురుగూ పుట్రా ఉంటుంది.

ఇప్పుడు చెవుల సంగతి. మీ ప్రశ్నలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే వినికిడి తగ్గిందని ఈ హాబీ వదిలేసిన మంచి ఆపరేటర్లను చూశాను. వాళ్ళు వదలాల్సిన అవసరం లేకపోయింది. వయసుతో వచ్చే చెవుడు ముందు పై ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. స, శ, త, ఫ లాంటి హల్లులు పోతాయి, అచ్చులు మిగులుతాయి. గొంతు వినిపిస్తుంది కానీ మాట అర్థం కాదు. ఎస్ఎస్‌బీలో, అంటే షార్ట్‌వేవ్‌లో హామ్‌లు మాట పంపే పద్ధతిలో, అసలే దాదాపు 300 నుంచి 2,700 హెర్ట్జ్ వరకే పంపుతారు కాబట్టి ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. దీనికి మొదటి మందు రెండు చెవులనూ మూసే మంచి హెడ్‌ఫోన్. రెండోది మోర్స్, అంటే తంతి ఆఫీసుల్లో వాడిన చుక్కలూ గీతల సంకేతాలు. మోర్స్‌లో అర్థం చేసుకోవడానికి హల్లులుండవు, ఒకే ఒక్క స్వరం ఉంటుంది. ఆ స్వరాన్ని మీ చెవికి బాగా వినిపించే చోట, 500 హెర్ట్జ్ దగ్గరో 600 దగ్గరో పెట్టుకోవచ్చు. ఇరుకైన ఫిల్టరు పెడితే పక్క గోలంతా పోతుంది. మాటలు పట్టుకోలేని చెవి కూడా ఆ టిక్కు టక్కును శుభ్రంగా పట్టుకుంటుంది. పైగా 5 వాట్ల మోర్స్ వెళ్ళినంత దూరం 5 వాట్ల మాట వెళ్ళదు.

ఈ వయసులో మోర్స్ వస్తుందా అంటారేమో, వస్తుంది. చుక్కలూ గీతలూ కాగితం మీద రాసుకుని బట్టీ పట్టకండి, అలా నేర్చుకున్నవాళ్ళు వేగం పెరిగేసరికి ఆగిపోతారు. కోక్ పద్ధతి అని ఉంది. మొదటి రోజు నుంచే అక్షరాన్ని పూర్తి వేగంతో వింటారు, ముందు రెండే అక్షరాలు, అవి బాగా పట్టుబడ్డాక మూడోది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ మాత్రం పెంచుకుంటారు. రోజుకు పదిహేను నిమిషాలు, మానకుండా. ఎక్కువసేపు కూర్చోవద్దు, అలసిన చెవికి ఏదీ పట్టుబడదు. మన ఊళ్ళలో తపాలా, రైల్వే తంతి విభాగాల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు. టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ఆగిపోయినా వాళ్ళ చెవుల్లో మోర్స్ పోలేదు. మీ వీధిలో అలాంటివారు ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

మోర్స్ కూడా వద్దనుకుంటే ఎఫ్‌టీ8 ఉంది. 2017లో వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి తయారుచేశారు. పదిహేను సెకన్లకోసారి కంప్యూటర్లు ఒకదానికొకటి చిన్న సందేశం పంపుకుంటాయి, మనం తెర మీద చదువుతాం. మన చెవికి ఏమీ వినిపించని సిగ్నల్‌ను కూడా అది పట్టుకుంటుంది. ఎండలో ల్యాప్‌టాప్ తెర కనిపించదు, మనిషితో మాట్లాడిన తృప్తీ ఉండదు, అందుకని నాకు అంతగా నచ్చదు. కానీ బొత్తిగా వినపడనివాళ్ళకు అది నిజంగా వరం.

లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ బటన్ ముట్టుకోకూడదు. ఇది మీకు చెప్పనక్కరలేదు కానీ ఆన్‌లైన్‌లో చవకగా వాకీటాకీలు అమ్ముతున్నారు కాబట్టి చెబుతున్నాను. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి సర్టిఫికెట్, తర్వాత లైసెన్స్ ఇస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. రెండు గ్రేడులున్నాయి. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ పరీక్ష లేదు, పవర్ పరిమితి తక్కువ. జనరల్‌కు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి. మనం వాడేదే 5, 10 వాట్లు కాబట్టి ముందు రిస్ట్రిక్టెడ్ రాసేయండి. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో మీ స్టేషన్ గుర్తింపు పేరు, వస్తుంది. థియరీ మీరు చదవకుండానే రాయగలరు, నిబంధనల భాగం మాత్రం శ్రద్ధగా చదవండి. ఫెయిలయ్యేవాళ్ళు అక్కడే ఫెయిలవుతారు. కాల్‌సైన్ చేతికి వచ్చేలోపు ఎస్ఎస్‌బీ ఉన్న మంచి షార్ట్‌వేవ్ రిసీవరుతో వింటూ ఉండండి. ఎవరు ఎలా పిలుస్తున్నారు, ఎలా ముగిస్తున్నారు అన్నది వింటేనే వస్తుంది.

మన సరిహద్దు జిల్లాల్లో మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి, బయటివాళ్ళెవరూ దీని గురించి రాయరు. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, ఇవన్నీ మావోయిస్టుల కారణంగా ఏళ్ళ తరబడి పోలీసు నిఘాలో ఉన్న జిల్లాలు. తోటలో తీగ కట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరితోనో నంబర్లు చెప్పుకుంటున్న మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, రావడం న్యాయమే. లైసెన్స్‌లో మీ స్టేషన్ చిరునామా ఉంటుంది. వేరే చోటు నుంచి పనిచేయడం గురించి షరతుల్లో ఏముందో చదివి, కావలసిన అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే బయటికి వెళ్ళండి. తర్వాత మీ ఠాణాకు వెళ్ళి ఐఐసీ (ఠాణా ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టర్) గారిని కలిసి, లైసెన్స్ నకలు జత చేసిన ఉత్తరం ఇచ్చి, ఏ తోటలో కూర్చుంటారో చెప్పండి. సంచిలో ఎప్పుడూ లైసెన్స్ కాపీ, ఆధార్ ఉండాలి. ఊరివాళ్ళు గుమిగూడితే విసుక్కోకండి. సవర పల్లెల్లో పిల్లలు చుట్టూ చేరి ఇది ఫోన్ టవరా అని అడుగుతారు. హెడ్‌ఫోన్ తీసి స్పీకర్ పెట్టి వినిపించండి, ఒడియాలో రెండు మాటలు చెప్పండి. అనుమానం అక్కడే పోతుంది. అయితే మైక్ మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, లైసెన్స్ మీది. రాజకీయాలు, వ్యాపారం, పాటలు గాలిలో నిషిద్ధం. లఖారి లోయ అభయారణ్యం వైపు వెళ్ళే ఆలోచన ఉంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అది ఏనుగులు తిరిగే చోటు, ఒంటరిగా అసలు వద్దు.

మీ ఆవిడ భయం గురించి. ఆమె భయపడేది దేనికో మీరు రాయలేదు. మీరు ఒక్కరే వెళ్ళి ఎక్కడో పడిపోతారని అయితే, అది కొట్టిపారేసే భయం కాదు. ఎక్కడికి, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్ళండి. బీపీ, షుగర్ మాత్రలు, నీళ్ళు, తినడానికి ఏదో ఒకటి సంచిలో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలవైశాఖి మేఘం కనిపిస్తే యాంటెన్నా దించి ఇంటికి రావాల్సిందే. అప్పుడు ఇంకొక్క కాంటాక్ట్ అని కూర్చోకూడదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామినీ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు చూపిస్తుంది. ఇంకో మాట, తీగ పైకి ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు వైర్లున్నాయేమో చూడండి. గడ పడిపోయినా వాటికి తగలనంత దూరం ఉండాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మొదలుపెట్టేముందు గుండె డాక్టరును అడగాలి.

దీనివల్ల ఉపయోగమేమిటని ఆమె అడిగితే తుపాన్ల సంగతి చెప్పండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ జిల్లాను ఎంత దెబ్బతీసిందో ఆమెకు గుర్తుండే ఉంటుంది. కరెంటు, ఫోన్లు పోయినప్పుడు టవర్ అవసరం లేని బ్యాటరీ సెట్టు, దాన్ని నడపడం అలవాటైన మనిషి ఎంతో విలువైనవాళ్ళు. 1999 సూపర్ సైక్లోన్‌లో హామ్‌లు ఆ పని చేశారు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారు హామ్ స్టేషన్ నడపడానికి అండమాన్ వెళ్ళి ఉండగా సునామీ వచ్చింది. అప్పటికప్పుడు ఆ స్టేషన్‌తోనే అక్కడివాళ్ళ క్షేమ సమాచారం పంపించారు. వాళ్ళు ఆ రోజు అంత త్వరగా పని అందుకోగలిగారంటే, అంతకుముందు సరదాగా చేసిన సాధనే కారణం. ఆదివారం తోటలో పావుగంటలో యాంటెన్నా కట్టగలిగిన మనిషే తుపాను మర్నాడు కూడా కట్టగలడు.

ఇవన్నీ చెప్పాక ఆమెను కూడా తోటకు తీసుకెళ్ళండి. నా సలహా అయితే ఇంకో అడుగు ముందుకు వేయమంటాను. 12 ఏళ్ళు నిండిన ఎవరైనా ఈ పరీక్ష రాయవచ్చు. మీరు చదివేటప్పుడు ఆమెకు కూడా చెప్పండి, ఇద్దరూ కలిసి రాయండి. ఇద్దరికీ కాల్‌సైన్లు వస్తే ఇంట్లో ఒకటి, మీ చేతిలో ఒకటి చిన్న 145 మెగాహెర్ట్జ్ హ్యాండ్‌సెట్ చాలు. డాబా మీద చిన్న యాంటెన్నా పెడితే ఊరి చుట్టూ ఉన్న తోటల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా ఫోన్ సిగ్నల్ లేకపోయినా మాట్లాడుకోవచ్చు. సెలవులకు మనవలు వస్తే అదే సెట్టును 145.800 మీద పెట్టండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు బొమ్మలు పంపుతుంటారు, ఫోన్‌లోని యాప్ ఆ శబ్దాన్ని బొమ్మగా మార్చి చూపిస్తుంది. దరఖాస్తులో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.